లేత్ కొనడానికి వెళ్తున్నారా? సంచిలో నాలుగు ఇనుప ముక్కలు వేసుకెళ్లండి

"అన్నా, ఇంటి వెనక రేకుల షెడ్డు ఖాళీగా ఉంది. లేత్ ఒకటి పెట్టుకుందామనుకుంటున్నా. ఏ కంపెనీది తీసుకోమంటావు?" అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, ఈమధ్య ప్రొద్దుటూరు నుంచి కూడా ఇదే మాట అడుగుతున్నారు. లేత్ అంటే ఇనుప కడ్డీని గిరగిరా తిప్పుతూ టూల్‌తో కోసే మిషన్. ప్రతి ఒక్కరికీ ఫోన్లో అరగంట చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

ఏ కంపెనీ అన్నది ఆఖర్న తేల్చుకోవలసిన విషయం. ఒకే కంపెనీ, ఒకే మోడల్, పక్కపక్కన నిలబెట్టిన రెండు మిషన్లలో ఒకటి నిఖార్సుగా కోస్తుంది, ఇంకొకటి కోయదు. ఏది కోస్తుందో డీలర్ మాట చెప్పదు, కొత్త రంగు చెప్పదు. మీ కడ్డీ మీద పడ్డ కోత చెప్తుంది. అందుకే ఈ పద్ధతంతా ఆ ఒక్క కోత చుట్టూ ఉంటుంది.

ముందుగా కావలసినవి

- 40 మి.మీ. ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) రౌండ్ కడ్డీ, 200 మి.మీ. పొడవున కోయించిన ముక్కలు నాలుగు. ఒక్కోటి రెండు కిలోలు తూగుతుంది.
- 0.01 మి.మీ. డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం), మ్యాగ్నెటిక్ స్టాండ్.
- 25–50 మి.మీ. మైక్రోమీటర్. వెర్నియర్ ఈ పనికి చాలదు.
- బాగా సాన పట్టిన హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) టూల్ ఒకటి. షాపులో ఇచ్చే మొద్దు టూల్‌తో కోస్తే తప్పు టూల్‌దో మిషన్‌దో తేలదు.
- టార్చి, గుడ్డ, కాస్త కిరోసిన్, నంబర్ పంచ్, నోటుబుక్కు.
- వీలైతే అనుభవం ఉన్న టర్నర్ (లేత్ నడిపే మనిషి) ఒకాయన. ఆ రోజు కూలీ, బస్సు ఛార్జీ, భోజనం మీరే పెట్టుకోండి.

డయల్ గేజ్ లేకపోతే తెలిసిన వర్క్‌షాప్‌లో ఒక రోజుకి అడిగి తెచ్చుకోండి. అది లేకుండా మాత్రం పాత మిషన్ చూడటానికి వెళ్లొద్దు.

1. మీరు తిప్పబోయే వస్తువులు రాసుకోండి

"అన్నీ చేసుకుంటా" అనుకుంటే కుదరదు. ట్రాక్టర్ పిన్నులు, బుష్షులా? వేరుశనగ కాయలు ఒలిచే మిషన్ షాఫ్టులా? బోరు మోటారు షాఫ్టులా? బండలు పాలిష్ చేసే మిషన్ల విడిభాగాలా? బొమ్మ ఇంజిన్లా? వాటిలో అన్నిటికన్నా లావైనది ఎంత, పొడవైనది ఎంత అని రెండు అంకెలు రాయండి.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మన దగ్గర లేత్‌ని అడుగుల్లో అమ్ముతారు: నాలుగున్నర అడుగులు, ఆరడుగులు, ఎనిమిది అడుగులు. అది బెడ్ (మిషన్ కింది పట్టాల దిమ్మ) పొడవు. ఒక చివర కడ్డీని తిప్పే హెడ్‌స్టాక్, రెండో చివర దానికి ఆసరా ఇచ్చే టెయిల్‌స్టాక్ కూర్చున్నాక, వాటి రెండు సెంటర్ల (కడ్డీని పట్టే మొనల) మధ్య మిగిలేది దాదాపు సగం, మహా అయితే సగానికి కాస్త ఎక్కువ. ఆరడుగుల లేత్ మీద ఆరడుగుల షాఫ్టు తిరగదు. కాబట్టి "సెంటర్ల మధ్య ఎంత పడుతుంది?" అని మిల్లీమీటర్లలో అడగండి.

లావు సంగతీ అంతే. సెంటర్ హైట్‌కి (బెడ్ నుంచి సెంటర్ ఎత్తుకి) రెట్టింపు లావు బెడ్ మీద తిరుగుతుంది. కానీ టూల్‌ని మోసుకెళ్లే క్యారేజ్ మీదుగా, అంటే టూల్‌ని అడ్డంగా జరిపే క్రాస్ స్లైడ్ పైన, తిరిగేది అంతకంటే చాలా తక్కువ. షాఫ్టు పనికి లెక్కలోకి వచ్చేది ఆ రెండోదే. స్పిండిల్ (కడ్డీని తిప్పే ఇరుసు) బోర్, అంటే దాని మధ్య రంధ్రం ఎంతో కూడా అడగండి. 38 మి.మీ. బోర్‌లో 40 మి.మీ. కడ్డీ దూరదు. అప్పుడు ప్రతి చిన్న బుష్‌కీ ముక్క కోసుకుంటూ కూర్చోవాలి.

2. మిషన్ కంటే ముందు మీ ఇల్లు చూసుకోండి

కరెంటు: ఇంట్లో ఉండేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. రెండు హెచ్‌పీ వరకు సింగిల్ ఫేజ్ మోటారుతో గడుస్తుంది. అంతకు మించితే త్రీ ఫేజ్ అడగాల్సి వస్తుంది. అనంతపురం, కర్నూలు, కడప మూడూ ఏపీఎస్పీడీసీఎల్ (మన కరెంటు కంపెనీ) కిందే ఉన్నాయి కాబట్టి మీ సెక్షన్ ఏఈ ఆఫీసులో ముందే కనుక్కోండి. డబ్బు తీసుకుని బయటి పనులు చేస్తే ఇంటి కనెక్షన్ మీద నడపకూడదు, దానికి వేరే కేటగిరీ ఉంటుంది. సాయంత్రం వోల్టేజ్ పడిపోయే వీధిలో ఉంటే వారం రోజులు రాత్రి ఏడింటికి మీటర్ పెట్టి రాసుకోండి.

ఇంకో దారి వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే కరెంటు పెట్టె). సింగిల్ ఫేజ్ తీసుకుని త్రీ ఫేజ్ ఇచ్చే రకం దొరుకుతుంది. అయితే అది బయటికి ఇచ్చేది 230 వోల్టుల త్రీ ఫేజ్. మోటారు 415 వోల్టుల స్టార్ కనెక్షన్‌లో ఉంటే డెల్టాకి మార్చాలి (రెండూ మోటారు లోపలి చుట్లను కలిపే పద్ధతులు). టెర్మినల్ బాక్స్ విప్పి చూడండి. ఆరు వైర్లు బయటికి ఉంటే పని సులువు, మూడే ఉంటే మోటారు విప్పాల్సిందే. ఇంకొక్క జాగ్రత్త: స్పిండిల్ ముక్కుకి మరలు ఉండి, చక్ (కడ్డీని దవడలతో పట్టే భాగం) దాని మీద బిగించే రకమైతే, వీఎఫ్‌డీతో ఒక్కసారిగా బ్రేక్ వేసినా, స్పీడులో రివర్స్ చేసినా చక్ ఊడి మీద పడుతుంది. ఆపే సమయం ఎక్కువ సెకన్లు పెట్టుకోండి, రివర్స్ వాడొద్దు.

నేల, తలుపు: మిషన్ బరువు డీలర్ దగ్గర రాయించుకోండి. కింద నాపరాయి పరిచిన నేల అయితే బండ పగులుతుంది. కాళ్లు వచ్చేచోట బండలు తీసి కాంక్రీటు పోయించాలి. తలుపు వెడల్పు, సందు మలుపు టేపుతో కొలవండి. తాడిపత్రి, బేతంచెర్ల వైపు బండల ఫ్యాక్టరీ పక్కన షెడ్డు ఉంటే లేత్‌ని గోడ చాటున పెట్టాలి. బెడ్ మీది నూనెలో కలిసిన రాతి పొడి ఉప్పు కాగితంలా పనిచేస్తుంది.

3. కొత్తదా, పాతదా, మినీనా

మినీ లేత్: ఆన్‌లైన్లో దొరికే చైనా రకం. ఏడు అంగుళాల స్వింగ్ (బెడ్ మీద తిరిగే లావు), పన్నెండో పద్నాలుగో అంగుళాల పొడవు, నలభై కిలోల చుట్టూ బరువు. మోడళ్లు, చిన్న ఇత్తడి, అల్యూమినియం పనులకు చక్కగా ఉంటుంది. రెండంగుళాల ఇనుప షాఫ్టు పెడితే వణుకుతుంది. లోపల ప్లాస్టిక్ గేర్లు ఉంటాయి, స్పీడ్ కంట్రోల్ బోర్డు కాలిపోవడం మామూలు. ఆ రెండూ విడిగా ఇండియాలో ఎవరి దగ్గర దొరుకుతాయో తెలిశాకే కొనండి.

కొత్త లైట్ డ్యూటీ: బటాలా, లూథియానా, రాజ్‌కోట్‌లలో తయారై మన డీలర్ల దగ్గరికి వస్తాయి. బెల్టు జరిపి స్పీడు మార్చే కోన్ పుల్లీ రకం చవక, గేర్లతో స్పీడు మార్చే ఆల్ గేర్డ్ ఖరీదు. ఇంటి పనికి కోన్ పుల్లీ హాయిగా సరిపోతుంది. బెల్టు మార్చడానికి నిమిషం పడుతుంది, చెడితే ఊళ్లోనే బాగవుతుంది. ఒకే అడుగుల మిషన్లలో ఏది ఎక్కువ బరువుందో చూడండి. పోత ఇనుము ఎక్కువ ఉన్నదే కోతలో నిలబడుతుంది.

పాత పెద్ద కంపెనీ మిషన్: హెచ్‌ఎంటీవి, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్‌వి ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. మంచిది దొరికితే కొత్త లైట్ డ్యూటీ దాని ముందు నిలవదు. నా ఓటు దానికే. కానీ ఆరో మెట్టు నుంచి చెప్పేవన్నీ ఒక్కటీ వదలకుండా చూసేవాళ్లకే ఆ దారి. అంత ఓపిక లేకపోతే కొత్తది తీసుకోండి.

4. అన్ని కొటేషన్లనూ ఒకే కాగితం మీదికి తీసుకురండి

కనీసం ముగ్గుర్ని అడగండి. కర్నూలు వాళ్లకి హైదరాబాద్ బాలానగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ దగ్గర. అనంతపురం వాళ్లకి బెంగళూరు పీణ్య దగ్గర. రెండూ 44వ నంబరు జాతీయ రహదారి మీద రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే. కడప వాళ్లు బెంగళూరు, చెన్నై రెండూ చూసుకోవచ్చు.

డీలర్ ఇచ్చే కొటేషన్లు పోల్చడానికి పనికిరావు. ఒక్కొక్కరు ఒక్కోటి కలుపుతారు, ఒక్కోటి వదిలేస్తారు. మీరే ఒక జాబితా రాసి, అందరికీ అదే పంపి, ప్రతి గీతకీ ఎదురుగా ధర రాయమనండి: మోటారు, స్టార్టర్, ట్రూ చక్ (మూడు దవడలది), డాగ్ చక్ (నాలుగు దవడలది), ఫేస్ ప్లేట్, స్టెడీ (పొడవు కడ్డీకి మధ్యలో ఆసరా), టూల్ పోస్ట్, రివాల్వింగ్ సెంటర్, చేంజ్ గేర్ల (మరల కొలత మార్చే గేర్ల) సెట్టు, కూలెంట్ పంపు, జీఎస్టీ, ప్యాకింగ్, లోడింగ్, మీ ఊరి దాకా లారీ.

ఉదాహరణకి ఒకరు 1,60,000 చెప్పారనుకోండి. 18 శాతం జీఎస్టీ 28,800, మోటారు స్టార్టర్ 16,000, డాగ్ చక్ 11,000, గేర్లు 5,000, లారీ 14,000 కలిపితే 2,34,800. రెండో ఆయన అన్నీ కలిపి, మీ గుమ్మం దాకా 2,15,000 అన్నాడు. ఫోన్లో విన్నప్పుడు మొదటిది చవక. కాగితం మీద 19,800 ఎక్కువ.

గేర్ల సంగతి విడిగా అడగండి. లీడ్ స్క్రూ (మరలు కోసేటప్పుడు క్యారేజ్‌ని నడిపే పొడవాటి స్క్రూ) అంగుళాల కొలతదైతే (మన చవక మిషన్లలో అంగుళానికి నాలుగు మరలది మామూలు) మిల్లీమీటర్ మరలు కచ్చితంగా కోయడానికి 127 పళ్ల గేర్ కావాలి. 25.4ని ఐదుతో గుణిస్తే 127, అందుకు. "అన్ని మరలూ వస్తాయి సార్" అంటే "127 గేర్ సెట్టులో ఉందా?" అని అడగండి. జవాబును బట్టి అవతలి మనిషికి మిషన్ తెలుసో, అమ్మడం మాత్రమే తెలుసో కూడా అర్థమవుతుంది.

5. డీలర్‌ని తూకం వేయండి

బిల్లు మీది జీఎస్టీ నంబరు జీఎస్టీ వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. పేరు, చిరునామా, నమోదు నడుస్తోందా లేదా కనిపిస్తాయి. తర్వాత నాలుగు ప్రశ్నలు:

- నా ముందు కరెంటు ఇచ్చి, నా కడ్డీ కోసి చూపిస్తారా?
- మన జిల్లాలో మీ దగ్గర కొన్నవాళ్ల ఇద్దరి వివరాలు ఇస్తారా?
- గ్యారంటీలో మెకానిక్ మా ఊరికి వస్తాడా, మిషన్ మీ దగ్గరికి తేవాలా? రానుపోను ఖర్చు ఎవరిది?
- హాఫ్ నట్ (లీడ్ స్క్రూని పట్టుకునే నట్), క్రాస్ స్లైడ్ నట్, ఒక గేర్ ఇప్పుడు కావాలంటే స్టాకులో ఉన్నాయా?

మొదటి ప్రశ్నకి కాదంటే అక్కడితో ఆపేసి ఇంకో డీలర్ దగ్గరికి వెళ్లండి. "మొత్తం డబ్బు కడితేనే కరెంటు ఇస్తాం" అన్నా కాదన్నట్టే.

6. ఆపి ఉన్న మిషన్‌ని చేత్తో చూడండి

మొదట గుడ్డకి కిరోసిన్ అద్ది బెడ్ తుడవండి. జిడ్డు మీద ఏదీ తెలియదు. ఇప్పుడు చక్‌కి జానెడు దూరంలో, బెడ్ పట్టాల మీద క్యారేజ్ నడిచే చోటు నుంచి నడవని అంచు వైపు గోరు అడ్డంగా లాగండి. నునుపుగా జారిపోతే మంచిదే. చిన్న గట్టులా గోరుకి తగిలిందంటే అంత మేర ఇనుము అరిగిపోయిందని. అలాగే టెయిల్‌స్టాక్ చివర కూడా లాగి తేడా చూడండి. ఎక్కువ పని చక్ దగ్గరే జరుగుతుంది కాబట్టి అరుగుదలా అక్కడే ఉంటుంది.

దీన్ని ఇంత నొక్కి చెప్పడానికి కారణం నా మొదటి మిషన్. పాత ఆరడుగులది, పచ్చ రంగు నిగనిగలాడుతోంది. ఖాళీగా తిప్పి చూపించారు, చప్పుడు లేదు. నేను గోరు పెట్టలేదు, కడ్డీ కోయలేదు. ఇంటికి తెచ్చి వేరుశనగ మిషన్ షాఫ్టు ఒకటి తిప్పితే చక్ వైపు లావు, బయటికి పోయేకొద్దీ సన్నం. రంగు గీకితే కింద వేలి మందాన లప్పం. డీలర్‌కి ఫోన్ చేస్తే "చూసుకునే తీసుకున్నారు కదా" అన్నాడు. బెడ్ గ్రైండింగ్‌కి, రానుపోను లారీకి పెట్టిన డబ్బుతో ఇంకో చిన్న మిషన్ వచ్చేది.

గోరు తర్వాత ఇవి చూడండి:

క్యారేజ్‌ని చక్ దగ్గరికి తెచ్చి, క్యారేజ్ లాక్‌ని కాస్త పట్టీ పట్టనట్టు బిగించి, టెయిల్‌స్టాక్ వైపు చేత్తో నడపండి. మధ్యలో బిగుసుకుపోతే చక్ దగ్గర బెడ్ అరిగిందని అర్థం.

లీడ్ స్క్రూ మరల్ని టార్చి వేసి చక్ వైపు, టెయిల్‌స్టాక్ వైపు పోల్చండి. చక్ వైపు మరలు కత్తి అంచులా సన్నబడి ఉంటే మరల పని కచ్చితంగా రాదు.

క్రాస్ స్లైడ్ హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి, స్లైడ్ కదిలేలోపు డయల్ మీద ఎన్ని గీతలు పోతున్నాయో లెక్కపెట్టండి. ప్లే (వదులు) కాస్త ఎక్కువున్నా భయపడకండి, గన్‌మెటల్ నట్ మారిస్తే పోతుంది. గిబ్ (స్లైడ్ వదులు సర్దే పట్టీ), బెల్టు, మోటారు, చక్ దవడలు, రివాల్వింగ్ సెంటర్ కూడా అంతే, వాటిని చూపించి ధర తగ్గించమనండి. బెడ్, స్పిండిల్, హెడ్‌స్టాక్ గేర్లు దెబ్బతిని ఉంటే మాత్రం సగం ధరకి ఇస్తానన్నా వద్దు.

స్పిండిల్ ముక్కు మీద డయల్ గేజ్ ముల్లు ఆనించి చేత్తో తిప్పండి. 0.01 దాకా తేడా ఉంటే బాగుంది. ఆ తర్వాత చక్‌లో రెండడుగుల గట్టి కర్ర బిగించి పైకి ఎత్తి చూడండి. ముల్లు రెండు మూడు గీతలకు మించి ఆడితే బేరింగుల్లో ప్లే ఉంది. బిగిస్తే పోతుందంటాడు డీలర్. అయితే బిగించి చూపించమనండి.

7. నడిపి చూడండి

తక్కువ స్పీడు నుంచి మొదలుపెట్టి అన్ని స్పీడులూ వేయండి. ఫీడ్, హాఫ్ నట్ పట్టి వదిలి చూడండి. ఎక్కువ స్పీడులో ఇరవై నిమిషాలు వదిలేసి హెడ్‌స్టాక్ మీద బేరింగుల దగ్గర చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉంటే సరే. చెయ్యి నిలవనంత వేడెక్కితే బేరింగో నూనో తేడా. ఏదో నూరినట్టు గరగర వినిపిస్తే ఏ గేర్లో వస్తోందో స్పీడు మార్చి పట్టుకోండి. మెడలో తువ్వాలు, పొడుగు చేతుల చొక్కా, చేతికి గ్లవ్స్ వద్దు.

8. మీ కడ్డీ కోయండి

సంచిలోని ముక్క తీసి, టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా, చక్ బయటికి 140 మి.మీ. ఉండేలా బిగించండి. పైపొర తీసేసి, మధ్యలో ఇంకాస్త లోతుగా కోసి, రెండు చివర్లా పది మి.మీ. వెడల్పు పట్టీలు మిగిల్చండి. రెండు పట్టీల మధ్య 100 మి.మీ. దూరం ఉండాలి. ఆఖరి కోత చాలా పలచగా, క్రాస్ స్లైడ్ ముట్టుకోకుండా, ఒకే సెట్టింగ్‌లో రెండు పట్టీల మీదా వెళ్లాలి. చల్లారాక మైక్రోమీటర్‌తో కొలవండి.

కొత్త మిషన్‌కి రెండు పట్టీల తేడా 0.02 లోపు ఉండాలి. పాత మిషన్‌కి ఇంటి పనికి 0.05 దాకా సర్దుకోవచ్చు. ముక్క చివర డీలర్ నంబరు పంచ్ కొట్టి, కొలతలు నోటుబుక్కులో రాసుకోండి. ఇలా ముగ్గురి దగ్గరా చేస్తే సాయంత్రం ఆర్టీసీ బస్సులో సంచి ఒళ్లో పెట్టుకుని ముక్కలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. కోత నునుపు, వణుకు గీతలు కళ్లకే కనిపిస్తాయి.

తేడా ఎక్కువ వచ్చిందని వెంటనే కొట్టేయకండి. షాపులో మిషన్‌ని లెవెల్ చేయకుండా నిలబెడతారు, బెడ్ మెలిపడి ఉండొచ్చు. కాళ్ల కింద ప్యాకింగ్ సర్ది మళ్లీ కోయమనండి. కోత మారితే అది మెలి, ఇంటి దగ్గర సరిచేసుకోవచ్చు. ఎంత సర్దినా మారకపోతే, పైగా గోరుకి గట్టు తగిలి ఉంటే, అది అరుగుదల.

ఇంకో చిన్న పరీక్ష: డయల్ మీద పది గీతలు తిప్పి కోసి, వ్యాసం ఎంత తగ్గిందో కొలవండి. కొన్ని మిషన్లలో గీత వ్యాసాన్ని చెప్తుంది, కొన్నింటిలో టూల్ నడిచిన దూరాన్ని. ఇది తెలియక కొత్తవాళ్లు రెట్టింపు కోసేసి జాబ్ పారేస్తారు.

9. డబ్బు, రవాణా

అడ్వాన్స్ బ్యాంకు ద్వారానే, కంపెనీ ఖాతాకే పంపండి. మిషన్ సీరియల్ నంబరు, వచ్చే సామాన్ల జాబితా, గ్యారంటీ బిల్లు మీద రాయించండి. మీరు కోసిన మిషనే రావాలి. అందుకే బెడ్ చివర కనపడని చోట మీ పంచ్ గుర్తు ఒకటి కొట్టమని అడగండి, ఒప్పుకుంటారు.

లారీ నుంచి దించేటప్పుడు హైడ్రా (చక్రాల క్రేన్) పిలవండి. బరువంతా హెడ్‌స్టాక్ వైపే ఉంటుంది, పైభాగం బరువు, మనుషులు తోస్తే తలకిందులవుతుంది. బెల్టు బెడ్ కింద నుంచి వేయాలి. లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్ మీద బెల్టు పడితే అవి వంగిపోతాయి. క్యారేజ్‌ని టెయిల్‌స్టాక్ వైపు జరిపి బరువు సర్దండి. హైడ్రా వెళ్లని సందైతే పైపు ముక్కల మీద దొర్లించండి, కానీ మిషన్‌ని పలకలకి బోల్టులతో బిగించాకే.

10. ఇంటికొచ్చాక వారంలోపు

తాపీమేస్త్రి రసమట్టం మొదటి సర్దుబాటుకి పనికొస్తుంది, ఆఖరిదానికి కాదు. మిషనిస్ట్ లెవెల్ దొరికితే బెడ్‌కి అడ్డంగా, చక్ దగ్గరా టెయిల్‌స్టాక్ దగ్గరా పెట్టి రెండు చోట్లా బుడగ ఒకేలా నిలిచేదాకా సర్దండి. దొరక్కపోతే సంచిలో మిగిలిన నాలుగో ముక్క ఉంది కదా, దాన్నే కోస్తూ కాళ్లు సర్దుకోండి. బయటి పట్టీ, లోపలి పట్టీ కలిసేదాకా. ఒక్కో కోతకి కాలు పావు చుట్టు మించి తిప్పొద్దు.

షాపులో కోసిన ముక్కకంటే ఇంట్లో కోసింది మెరుగ్గానే రావాలి. లెవెల్ చేశాక కూడా అధ్వానంగా వస్తే రవాణాలో దెబ్బ తగిలినట్టు. రెండు ముక్కల ఫోటోలు, కొలతలు అదే రోజు డీలర్‌కి పంపండి. నెల తర్వాత ఇంకోసారి లెవెల్ చూడండి, కొత్త కాంక్రీటు కాస్త దిగుతుంది. మన ఎండలకి పైన రేకులున్న షెడ్డులో పొద్దున, మధ్యాహ్నం కొలతలు కూడా మారతాయి, అందుకే ఈ పరీక్షలన్నీ పొద్దున్నే, ఎనిమిదిలోపు చేయండి.